ఇంకెవరితోని మాట్లాడాలె

నాలుగు గంటల బెల్లు మోగింది. పరీక్ష అయిపోవడానికి ఇంకో గంట ఉంది. కృపారాణి కిటికీ పక్కన నిలబడి, జవాబు కాగితాల మీదికి వంగిన తలల్ని మళ్ళీ మొదటి వరస నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ముప్పై ఎనిమిది. ఇందాకా ముప్పై ఎనిమిదే. పొద్దున పదకొండున్నరకు తార్నాకలో స్కాన్ చేసిన డాక్టరమ్మ కంప్యూటర్ తెరను తన వైపు తిప్పేసుకుని, "మీతో ఎవరైనా వచ్చారా అమ్మా?" అని అడిగినప్పటి నుంచీ ఆమె ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉంది. ఆ గది సీలింగు పలకలు, ఆసుపత్రి మెట్లు, మెట్రో స్తంభాల మీద రాసిన అంకెలు, యూనివర్సిటీ గేటు నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా రోడ్డు పక్క చెట్లు. లెక్క నడుస్తున్నంతసేపు ఆ మాట పక్కకు జరిగి కూర్చుంటుంది, ఆగితే లేచి వస్తుంది. మంచి కబురైతే ఎవరొచ్చారని అడగరు. ఆ ప్రశ్నతోనే ఆమెకు తెలిసిపోయింది, ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినదంతా తెలిసినదాన్నే మళ్ళీ విన్నట్టుంది. ఐదు నెలలు నిండి రెండు వారాలు. గుండె కొట్టుకోవడం లేదు. ఎప్పుడు ఆగిందో చెప్పలేం. నాలుగు రోజులై ఉండొచ్చు. పొట్ట మీది జిగురు తుడుచుకోమని ఇచ్చిన కాగితం చాలా మెత్తగా ఉంది, ఆమె దాన్ని మడతపెట్టి ఎక్కడ పడెయ్యాలో తెలియక హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

పై అంతస్తులో కాన్పుల డాక్టరు తొందరేం లేదంది. "సాయంత్రం ఆరింటికి మీవారితో కలిసి వచ్చి అడ్మిట్ అవండి. మాత్రలతో నొప్పులు తెప్పిస్తాం. మామూలు కాన్పులాగే అవుతుంది." ఆ మాట మెత్తగానే అంది, కానీ అని వదిలేయకుండా, తర్వాత పాలు పడతాయనీ భయపడొద్దనీ బిగువుగా గుడ్డ కట్టుకోవాలనీ కూడా చెప్పింది. కృపారాణి అన్నిటికీ తల ఊపింది. బయటికొచ్చి పరశురాంకు ఫోన్ చేసింది, స్విచ్ఛాఫ్. మళ్ళీ చేసింది. అతను నాచారంలో మందుల కంపెనీలో పనిచేస్తాడు, షిఫ్టులోకి పోయేముందు ఫోన్లు గేటు దగ్గర పెట్టిపోవాలి, ఐదింటి వరకూ తిరిగివ్వరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసే ఇంకో పదిసార్లు చేసింది. సీతాఫల్‌మండిలో తమ గదికి పోవచ్చు. కానీ ఆ గదిలో మంచం ఉంది, మంచం మీద నిన్న రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకున్న గుంట ఉంది. అక్కడికి ఒక్కతే పోలేకపోయింది. రెండు గంటలకు ఇన్విజిలేషన్ డ్యూటీ ఉందని గుర్తొచ్చి, అదొక దిక్కులాగా కనిపించి, తార్నాక చౌరస్తా నుంచి నడుచుకుంటూ వచ్చేసింది. దారిలో కొబ్బరిబొండాలవాడు రోజూ పిలిచినట్టే పిలిచాడు. "అక్కా, లేతది ఉన్నది, బాబుకు మంచిది," అన్నాడు. ఆమె ఆగి తాగింది. ఎందుకు తాగిందో ఇప్పటికీ తెలియదు. వద్దనడానికి ఒక కారణం చెప్పాలి కదా.

"కూర్చో కృపా. ఈ నెలల్లో అంతసేపు నిలబడకూడదు." అరుంధతి మేడం కుర్చీని తనే మోసుకొచ్చి కిటికీ పక్కన వేసింది. నల్లకుంట నుంచి వస్తుంది, ఇదే డిపార్ట్‌మెంట్లో ఇరవయ్యేళ్ళుగా ప్రొఫెసరు. కృపారాణిని పార్ట్‌టైమ్ లెక్చరరని తక్కువ చేసి ఎన్నడూ చూడలేదు. రెండు నెలలుగా తన టిఫిన్ డబ్బాలోంచి మూడో వంతు తీసి ఆమెకు పెడుతుంది. "స్కానింగుకి వెళ్తానన్నావుగా, ఏమన్నారు?" అని గుసగుసగా అడిగింది. "అయింది మేడం," అంది కృపారాణి. అబద్ధం కాదు. అరుంధతి మేడం చిన్నగా నవ్వి, భుజం మీద చెయ్యి వేసి, అటు చివరి వరసలోకి వెళ్ళింది. ఆమె వీపు వైపు చూస్తూ కృపారాణి అనుకుంది, ఈ హాల్లో ఇంకా ఒకరి మనసులో నా బిడ్డ బతికి ఉంది. నేను నోరు తెరిచేదాకా ఉంటుంది. అమ్మ మనసులో ఉంది, పరశురాం మనసులో ఉంది, అతను ఇప్పుడు మాత్రల డబ్బాల మధ్య ముక్కుకు గుడ్డ కట్టుకుని ఏదో పేరు ఆలోచిస్తూ ఉంటాడు. నేను చెప్పిన క్షణాన వాళ్ళందరిలోనూ చచ్చిపోతుంది. అన్నిసార్లు నేనే చెప్పాలి.

పెళ్ళయి పదకొండేళ్ళు. మొదటిది రెండో నెలలో, రెండోది మూడో నెలలో. వాటికి స్కాన్ దాకా రాలేదు, రక్తం వచ్చి చెప్పాయి. ఇది నిలబడింది. నిలబడుతుందని ముందే చెప్పారు కూడా. కిందటి డిసెంబరు ముప్పై ఒకటిన అంబర్‌పేటలో వాళ్ళు పోయే ప్రార్థన మందిరంలో పాస్టరయ్య ఆమె తల మీద నూనె రాసి, మైకులో అందరూ వినేటట్టు, "ఈ కొత్త సంవత్సరం దాటకముందే ఈ బిడ్డ ఇంట్లో ఉయ్యాల ఊగుతది, ప్రభువు నాకు చూపిస్తున్నడు," అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు, అదే కష్టం. అబద్ధాలకోరైతే ఈపాటికి మనసు కుదుటపడేది. ఆయన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చెప్పాడు, నమ్మి చెప్పాడు. ఆమె జూన్‌లో మూడు నెలలు దాటాక మందిరంలో లేచి నిలబడి, కడుపు నిలిచిందని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. క్లాసులో అరవై మందికి పాఠం చెప్పినా వణకని గొంతు ఆ రోజు వణికింది. పిల్లలు లేని ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆమె పొట్టను తాకి పోయారు. ఆ ఇద్దరికీ ఇప్పుడేం చెప్పాలి? ఆదివారం పోతే ఎవరో ఒకరు అంటారు, మెల్లగా, చెయ్యి పట్టుకుని మరీ అంటారు, విశ్వాసంలో ఎక్కడో లోపముండి ఉంటది సిస్టర్, ఒప్పుకోని పాపమేదన్నా ఉన్నదేమో చూసుకో. ఆమె ఆ మాటను తనకు తానే పొద్దుటి నుంచి మూడుసార్లు అనుకుంది. ఏ పాపం? వెతికింది. నిరుడు తోడికోడలికి మగపిల్లవాడు పుట్టినప్పుడు కడుపు మండింది, అదా? పోయిన వారం మంగళవారం నీళ్ళ క్యాను ఎత్తింది, అదా? శనివారం కదిలినట్టుంది, ఆదివారం మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కదిలిందా లేదా? కదిలిందనే అనుకుని స్తోత్రం చెప్పింది. ఒకవేళ అప్పటికే లేకపోతే, ఆ స్తోత్రం ఎవరికి పోయినట్టు?

"మేడం, అడిషనల్." ఎవరో చెయ్యెత్తారు. ఆమె లేచి కాగితం ఇచ్చి, సంతకం పెట్టి, వరసల మధ్య నడిచింది. ఒకడు మూడో ప్రశ్నకు జవాబు పూర్తిగా తప్పు రాస్తున్నాడు. ఆమెకు కనిపిస్తోంది. చెప్పకూడదు. తల తిప్పుకుని ముందుకు నడవాలి. దేవుడూ ఇంతేనేమో, అన్నీ కనిపిస్తూ మన మధ్యే తిరుగుతూ నోరు విప్పకుండా ఉంటాడేమో అనిపించింది. అనిపించగానే తన మీద తనకే రోత పుట్టింది. ఆదివారం ప్రసంగంలో పనికొచ్చే పోలిక అది, విన్నవాళ్ళు తల ఊపుతారు. ఈ పిల్లవాడు తప్పు రాస్తే మళ్ళీ రాసుకుంటాడు. తనకు మళ్ళీ రాయడానికి ఏముంది, ముప్పై ఏడేళ్ళు దాటాయి. పోలికలు వద్దు. నువ్వు ఎక్కడున్నావు, అంతే. ఎక్కడున్నావు అని కూడా ఆయన్ని అడగలేదు ఆమె. పొద్దుటి నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బస్సెక్కితే ప్రార్థన, అన్నం ముందు ప్రార్థన, తాళం చెవి కనిపించకపోయినా ప్రార్థన చేసే మనిషి, ఆ స్కాన్ బల్ల మీద నోరు మూసుకుంది. అలిగి కాదు. పిలిస్తే పలకకపోతే ఎట్లా అన్న భయం కూడా కాదు. పిలవడానికి లోపల ఏమీ మిగల్లేదు.

అమ్మ ఇక్కడ ఉంటే ఏం చేసేది? సోమమ్మ, జనగామ దగ్గర ఊళ్ళో, ఈ వేళకు కలుపు తీసి గట్టెక్కి ఉంటుంది. కృపారాణికి ఏడేళ్ళప్పుడు తమ్ముడు పోయాడు. రెండేళ్ళవాడు. వాంతులు, విరేచనాలు, ఒక రాత్రి, ఒక పగలు, బండి దొరికి పట్నం దవాఖానకు చేరేసరికి అయిపోయింది. ఊళ్ళో రేకుల చర్చి ముందు అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరు ఇమ్మన్నా ఇవ్వలేదు. మూడో రోజు నాట్లకు పోయింది. ఆ రాత్రి దీపం కింద ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెడితే, పక్కన పడుకున్న కృపారాణికి కోపమొచ్చింది. "తమ్మున్ని ఎందుకు తీసుకపోయిండు?" అని అడిగింది. అమ్మ కళ్ళు తెరవకుండానే, "నాకేం ఎరుక బిడ్డా. నేను సుత అడిగిన. చెప్పలే," అంది. "మరి ఇంకా ఆయనతోనే ఎందుకు మాట్లాడుతున్నవ్?" అమ్మ కళ్ళు తెరిచి దీపం వత్తి తగ్గించింది. తర్వాత, "ఇంకెవరితోని మాట్లాడాలె?" అంది. ఆ ఇంట్లో నాన్న తాగి పడుకుని ఉన్నాడు. చుట్టుపక్కల వాళ్ళందరూ తెల్లారితే కూలికి పోయేవాళ్ళు. చదువుకున్నాక, ఎంఏ చేశాక, పీహెచ్‌డీ చేశాక ఆ మాటను కృపారాణి చాలాసార్లు తలచుకుని, పాపం గతిలేక అన్న మాట అనుకునేది. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే, గతి ఉన్నవాళ్ళు ఏమంటారో తెలియడం లేదు.

కిటికీ అవతల పసిపిల్ల ఏడుపు వినిపించింది. మొదట తన లోపలే అనుకుని కృపారాణి బిగుసుకుపోయింది. కాదు, బయటే. వానకు తడిసిన మెట్ల మీద ఒక ముసలామె చీరకొంగు కప్పి చంటిపిల్లను ఊపుతోంది. ఏడుపు ఆగడం లేదు. హాల్లో మూడో వరసలో ఒక అమ్మాయి రాయడం ఆపేసింది. పెన్ను పట్టుకున్న చెయ్యి కాగితం మీదే ఉంది, కళ్ళు కిటికీ వైపు ఉన్నాయి, జాకెట్టు ముందు భాగం తడిసి నల్లగా కనిపిస్తోంది. ఆమె లేచి నిలబడింది. "మేడం, జర పోయొస్త. మా పాప. ఐదు నిమిషాలు, ప్లీజ్." హాల్‌టికెట్ మీద పేరు రజిని. బాత్రూంకు తప్ప పంపకూడదు, అదీ తోడుగా ఒకరు వెళ్ళాలి. అరుంధతి మేడం హాలు అటు చివర నుంచి చూసి, "నేను తీసుకెళ్తా, నువ్వు కూర్చో," అని రాబోయింది. "నేను పోత మేడం," అంది కృపారాణి. ఎందుకంది? ఆ ఏడుపు ఇంకొంచెంసేపు కూర్చుని వినలేక అంది. దూరంగా వినడం కంటే దగ్గరకు పోవడమే నయమనిపించింది.

రజిని మెట్ల వెనక గోడ వైపు తిరిగి కూర్చుని పిల్లకు పాలిస్తుంటే, కృపారాణి దారికి అడ్డంగా నిలబడింది. పిల్ల రెండు గుక్కలు తాగి వదిలేసి మళ్ళీ ఏడ్చింది. "రెండు దినాలాయె జ్వరం బట్టి," అంది ముసలామె, రజిని తల్లి. "దవాఖానల సూపిచ్చినం, మందు పోస్తున్నం. దిగుతలేదు. ఇంటికాడ ఉంచుదామంటె పాలు లేక ఒర్లుతది." మాట్లాడుతూనే ఆమె కృపారాణి మెడలో గొలుసుకున్న చిన్న సిలువను చూసింది, చూసి దగ్గరకొచ్చింది. "నువ్వు యేసయ్యను మొక్కుతవా బిడ్డా? మా ఊర్ల సుత మొక్కెటోళ్ళు ఉన్నరు. పిల్లకు జర ప్రార్థన చెయ్యరాదు. దండం పెడత." ఆ తల్లీకూతుళ్ళది ఆ దేవుడు కాదు, ముసలామె నుదుట రూపాయి బిళ్ళంత బొట్టుంది. ఊళ్ళో అమ్మ దగ్గరికీ ఇట్లాగే వచ్చేవాళ్ళు, జ్వరమొచ్చిన పిల్లల్ని ఎత్తుకుని, ఏ దేవుడైతేనేం అన్నట్టు.

కృపారాణికి లోలోపల నవ్వొచ్చింది. ఈ రోజే. ఈ గంటే. నన్నే. పాస్టరయ్య నూనె రాసిన తల నాది, చప్పట్లు కొట్టించుకున్న కడుపు నాది, పోయి ఇంకెవరినన్నా అడుగు తల్లీ అందామనుకుంది. రజిని పిల్లను ఎత్తి ముందుకు చాచింది. పిల్ల తల మీద చెయ్యి పెట్టక తప్పలేదు. వెంట్రుకలు చెమటకు అంటుకుని ఉన్నాయి. మాడు అరచేతి కింద టకటకా కొట్టుకుంటోంది. ఎంత వేడి. ఎంత జోరుగా కొట్టుకుంటోంది. ఇదే చప్పుడు కోసం పొద్దున ఆ గదిలో చెవులు రిక్కించింది. చెయ్యి తీసేస్తే పోతుంది, పారిపోవచ్చు. తియ్యలేదు. "పేరేంది?" అని అడిగింది. "ఇంక పెట్టలే, చిన్ని అంటం," అన్నది ముసలామె.

"ప్రభువా," అంది కృపారాణి. గొంతు తనది కాదు, రేకుల చర్చిలో అమ్మది. పెద్ద మాటలేమీ రాలేదు. "ప్రభువా, ఈ చిన్నికి జ్వరమున్నది. రెండు దినాలాయె. తల్లికి పరీక్షలు, అమ్మమ్మకు నిద్ర లేదు. జ్వరం దించు. ఈ రాత్రి పిల్ల నిద్రపోవాలె." నోరు అవి పలుకుతుంటే లోపల ఇంకో మాట పరుగెత్తింది. నీకు చేతనవుతుందో లేదో నాకు తెలియదు. చేతనైతే నాలుగు రోజుల కింద ఏం చేస్తున్నావు? నాది నీకు కనిపించలేదా? కనిపించి ఊరుకున్నావా? సరే, ఊరుకున్నావు. దీన్నన్నా చూడు. నా మీద కోపముంటే దీని మీద చూపించకు. దీన్ని బతికించు, తర్వాత నేను నీతో తేల్చుకుంటా. "ఆమెన్," అంది పైకి. "అట్లనే గానీ," అంది ముసలామె, చేతులు జోడించి. పిల్ల ఒళ్ళు ముందెంత కాలుతోందో ఇప్పుడూ అంతే కాలుతోంది. ఏమీ మారలేదు. ముసలామె చల్లని అరచెయ్యి కృపారాణి పొట్ట మీద ఆనించి, "నీది సుత సల్లగ పుట్టాలె బిడ్డా," అంది. కృపారాణి ఆ చేతిని తోసెయ్యలేదు, దాని మీద తన చెయ్యి వేసి ఒక్క క్షణం పట్టుకుంది. తర్వాత, "పా రజినీ, టైం అయితది," అంది.

హాల్లోకి వచ్చి కుర్చీ దగ్గరికి పోకుండా గోడకు ఆనుకుని నిలబడింది. ధైర్యమేమీ రాలేదు. ఆరు గంటలకు ఆసుపత్రి, మాత్రలు, నొప్పులు, ఏడుపు వినిపించని కాన్పు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ ఇందాకటి దాకా లోపల ఏమీ లేదనుకున్న చోట కోపముంది. తిట్టడానికి ఒకరున్నారు. తిడుతుంటే వింటున్నారో లేదో తెలియకపోయినా, ఎదురుగా ఎవరో ఉన్నట్టే తిడుతోంది తను. అది విశ్వాసమని పాస్టరయ్య ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే మానె.

ఐదు కొట్టారు. కాగితాలు తీసుకున్నారు, హాలు ఖాళీ అయింది. అరుంధతి మేడం బల్ల మీద జవాబు పత్రాల కట్టకు దారం చుడుతూ, "రేపు మధ్యాహ్నం కూడా మనిద్దరికే వేశారు," అంది. "రేపు రాలేను మేడం." "ఏం?" "ఆసుపత్రిలో ఉంటా." అరుంధతి మేడం తలెత్తి చూసింది. ఆమె మొహంలో ఆ బిడ్డ చనిపోవడం కృపారాణికి కనిపించింది. దారం పట్టుకున్న వేళ్ళు ఆగిపోయాయి. లేచి వచ్చి కృపారాణి చేతిలో ఉన్న రెండో కట్టను తీసుకుని, "సీలు నేను వేస్తాను. నువ్వు వెళ్ళు," అంది, అని తలుపు దాకా ఆమె మోచెయ్యి పట్టుకుని నడిచింది.

కృపారాణి రాతి మెట్ల మీద కూర్చుంది. ఐదూ పదికి ఫోన్ మోగింది. "ఏంది కృపా, అన్నిసార్లు చేసినవ్? స్కాన్ అయిందా? ఏమన్నరు?" వెనక కంపెనీ గేటు దగ్గర బండ్లు స్టార్ట్ చేస్తున్న చప్పుడు. మెల్లగా చెప్పాలనుకుని మధ్యాహ్నమంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ లేవు. "గుండె కొట్టుకుంటలేదట," అంది. ఎవరో అతన్ని పేరు పెట్టి పిలిచారు, అతను పలకలేదు. "ఎప్పుడు చెప్పిండ్రు?" అన్నాడు చివరికి. "పదకొండున్నరకు." "అప్పటిసంది నువ్వొక్కదానివే ఉన్నవా?" అప్పుడు వచ్చింది ఏడుపు, పొద్దుటి నుంచి రానిది, నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకున్నా ఆగకుండా. ఆమె ఏడుపు ఆగేదాకా అతను ఫోన్ పట్టుకునే ఉన్నాడు.

"పాస్టరయ్యకు ఫోన్ చేస్తా," అన్నాడు. "దవాఖానకు వచ్చి ప్రార్థన చేస్తడు."

"వద్దు. ఇయ్యాల వద్దు."

"మరి ప్రార్థన?"

"నువ్వు చెయ్యి."

పరశురాం ఇన్నేళ్ళలో ఎన్నడూ పైకి ప్రార్థన చేసిన మనిషి కాదు. మందిరంలో చివరి వరసలో చెప్పుల పక్కన కూర్చుని తల వంచుకుంటాడు, అంతే. "నాకు రాదు గద," అన్నాడు. "నాకు సుత ఇంక వస్తలేదు," అంది ఆమె. సీతాఫల్‌మండి వైపు పోయే రైలు కూత వినిపించి ఆగిపోయింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా," అన్నాడు. ఆగిపోయాడు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. "ప్రభువా, గాడ ఆమె ఒక్కతే కూసున్నది. నేను పోయెదాంక జర పక్కన ఉండు."